ప్రేమవిందులో అతిథి మర్యాద

సంఘ చరిత్ర వ్రాయువారు మందిరముల గురించి, పాఠశాలల గురించి, ఆసుపత్రుల గురించి వ్రాస్తారు. సంఘము కలిసి భుజించిన పంక్తుల గురించి వ్రాసేవారు అరుదు. అయితే తొలి సంఘపు పెద్ద తగవులు కొన్ని పంక్తిలోనే పుట్టాయి. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజిస్తున్న పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుదీశాడు. పౌలు అందరి యెదుటనే ఆయనను నిలదీశాడు (గలతీ 2). పంక్తిని విడుచుట చిన్న అమర్యాద కాదనీ, సువార్త సత్యమునకే విరుద్ధమనీ ఆయన ఎంచాడు.

క్రీ.శ. 55 ప్రాంతములో కొరింథులో మరియొక చిక్కు వచ్చింది. ఆనాటి సంపన్న గృహపు భోజనశాలలో మూడు పానుపులు, వాటిపై సుమారు తొమ్మండుగురికి చోటు. మిగిలినవారు ముంగిట సర్దుకోవలసినదే. తీరికగలవారు ముందుగా వచ్చి తినేవారనీ, దాసులు, కూలివారు పని ముగించుకొని వచ్చేసరికి మిగిలేది కొద్దియేననీ పండితులు పలువురి అభిప్రాయము. ఒకరి కొరకు ఒకరు ఆగవలెనని పౌలు మందలించాడు (1 కొరింథీ 11).

ఇట్టి భేదము రోమా సమాజములో మామూలే. క్రైస్తవుడు కాని ప్లినీ అను రోమా అధికారి తాను వెళ్లిన విందును గూర్చి ఒక లేఖలో వ్రాశాడు. అక్కడ ద్రాక్షారసము మూడు తరగతులుగా పోశారట: గృహస్థునికి ఒకటి, చిన్న స్నేహితులకు ఒకటి, విడుదల పొందిన దాసులకు మరొకటి. తన యింట అందరికీ ఒకటే వడ్డిస్తాననీ, ఖర్చు పెరగకుండుటకు విడుదల పొందిన దాసులు త్రాగేదే తానూ త్రాగుతాననీ ఆయన చెప్పాడు.

సంఘము ఈ పాఠమును క్రమముగా నేర్చుకొన్నది. క్రీ.శ. 197 ప్రాంతములో కార్తేజి వాడైన టెర్టుల్లియను ప్రేమవిందును వర్ణించాడు. ముందు ప్రార్థన, ఆకలి తీరునంతే భోజనము, దేవుడు వింటున్నాడని యెరిగిన సంభాషణ, చేతులు కడిగిన తరువాత కీర్తన. ఆ విందు బీదలకు ఆదరణ. ఇంచుమించు అదే కాలములో అలెగ్జాండ్రియా వాడైన క్లెమెంతు, గడ్డము, చేతులు పూసుకొనక తినవలెననీ, నోట ముద్ద ఉండగా మాటలాడరాదనీ బోధించాడు. నాల్గవ శతాబ్దములో లవొదికయ సభ మందిరములలో ఈ విందులను నిషేధించింది.

ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో కులము నిర్ణయించిన మన తెలుగు నేలలోనూ ప్రశ్న అదే. తిరునెల్వేలి నుండి 1909లో దోర్నకల్ వచ్చిన అజరయ్యగారు, 1910లో ఎడింబరో మహాసభలో, మిషనెరీల త్యాగమును ఒప్పుకొంటూనే, వారి నుండి స్నేహమును కోరారు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఇచ్చే చేయి వేరు, ప్రక్కన కూర్చుండే మనసు వేరు అని ఆయన కోరిక మనకు నేర్పుతుంది.

కాబట్టి శుభ్రముగా తినుట మర్యాదలో సగమే. చివరి విస్తరిలో అన్నము పడేవరకు చేయి పెట్టకుండుట, వెనుక బంతి ఉన్నదని తలచి కూర మారు అడుగకుండుట, ప్రక్కవాడు ముగించక ముందే లేవకుండుట మిగిలిన సగము. పండుగ విందులలో అయ్యగార్లను, పెద్దలను మొదటి బంతిలో పిలుచుట మన ఆచారము. గౌరవముతో పిలుస్తారు, సంతోషమే. అయినను వంట చేసినవారితో, పాత్రలు తోమినవారితో కడపటి బంతిలో కూర్చుండుటకు మా వంటివారము అప్పుడప్పుడు సెలవు అడుగవలెనని మేము తలంచుచున్నాము.