తంగేడు చెక్క నుంచి హిమశిఖరం దాకా

మర్రిపాడు నుంచి ఆత్మకూరు దాటి పెన్న ఒడ్డుకు వస్తే సంగం. ఆ మండలంలోని గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను ఎక్కాడు. ఎండకు మాడే మెట్టసీమ బిడ్డ అంటార్కిటికా మంచులో నిలబడ్డాడు. అలాంటి చోట ప్రాణాన్ని కాచేవాటిలో కాలి బూటు ముఖ్యమైనది. తడిసిన పాదం ఒంట్లో వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. గడ్డకట్టే చలిలో వేళ్లే పోతాయి.

ఆ బూటు కథలో మన తంగేడుకూ చోటుంది. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో తోళ్లను పదును చేసేవారు. ‘ఈస్టిండియా కిప్స్’ పేరుతో ఓడలెక్కిన ఆ తోళ్లు మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లయ్యాయి.

ఆనాటి కొండబూట్ల అడుగున ఇనుప మేకులుండేవి. జారకుండా పట్టేవి గానీ, చలిని నేరుగా పాదానికి చేర్చేవి. రాతిగోడలెక్కేటప్పుడు మాత్రం తేలిక జోళ్లు తొడిగేవారు. 1935లో ఇటలీలోని పుంటా రసికా కొండపై అలా వెళ్లినవారిని మంచుతుఫాను కమ్మేసింది. ఆరుగురు చనిపోయారు. ఆ బృందంలోని విటాలే బ్రమాని ఆ దుఃఖంలోంచే లోతైన గాళ్లున్న రబ్బరు అడుగును రూపొందించి, 1937లో పేటెంటు పొందాడు. నేటి వైబ్రమ్ అదే.

1953లో ఎవరెస్టు ఎక్కినవారి బూట్ల పొరల మధ్య కూరింది తెల్లబూరుగు దూది. మన తలదిండ్లలో నింపే దూదే! 1969లో బాబ్ గోర్ సన్నటి రంధ్రాల పొరను కనిపెట్టాడు. దాంట్లోంచి నీటిచుక్క లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. గోర్‌టెక్స్ అనే ఆ పొరతో బయటి తడికీ లోపలి తడికీ ఒకే మందు దొరికింది.

అయితే అన్ని కొండలకూ ఒకే బూటు పనికిరాదు. హిమాలయాలకు వెళ్లేవారు నీరు చొరని, చీలమండ దాటే బూటు కొనాలి. మందపాటి ఉన్ని మేజోళ్లు తొడిగి, పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం వేళ కొలత చూడాలి. వేళ్లు కదలాలి, మడమ కదలకూడదు. నూలు మేజోళ్లు వద్దు, తడిస్తే ఆరవు.

స్వాతి, విశాఖ కార్తెల వానల్లో ఉదయగిరి దుర్గం ఎక్కేవారి సంగతి వేరు. వాగు దాటుతుంటే పైనుంచి దూరిన నీరు ఆ నీరు చొరని బూటులోనే నిలిచిపోతుంది. ఇక్కడ త్వరగా ఆరే తేలిక బూటు, తడిరాతిని పట్టే అడుగు, సంచిలో మరో జత పొడి మేజోళ్లు చాలు.

2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో మస్తాన్‌బాబును మనం కోల్పోయాం. ఎంతటి అనుభవజ్ఞుడికైనా కొండ కొండే. దుర్గానికో హిమాలయాలకో బయలుదేరే మన పిల్లలకు ముందు కాళ్లకు తగిన బూట్లు కొనివ్వండి. మిగతా సామాను తర్వాత చూసుకోవచ్చు.