మాక్రో అంటే అంత చులకనా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓ చిన్న అహం ఉంది. జావా రాసినవాడు ప్రోగ్రామర్, పైథాన్ రాసినవాడు ప్రోగ్రామర్. ఎక్సెల్‌లో మాక్రో రాస్తే మాత్రం "ఆఁ, అది అకౌంట్స్ వాళ్ళ పనిలే" అని తీసిపారేస్తాం. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే అలా అనబుద్ధి కాదు.

డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజిక్యాల్క్ 1979లో ఆపిల్ 2 మీద వచ్చింది. ఒక అంకె మారిస్తే దానిమీద ఆధారపడ్డ లెక్కలన్నీ వాటంతటవే మారిపోయేవి. అప్పటికి అదే పెద్ద అద్భుతం. కానీ పాత అంకెలు చెరపడం, కొత్తవి నింపడం, ప్రింటు తియ్యడం లాంటివి నెలనెలా మనిషే చేసుకోవాలి. లెక్క మెషీన్‌ది, చాకిరీ మనిషిది అన్నమాట.

ఆ చాకిరీ సంగతి పట్టించుకున్నది 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3. అందులో మాక్రో అంటే వేరే భాషేం కాదు, మీరు నొక్కే కీలే. స్లాష్ నొక్కితే మెనూ, ఎఫ్ అంటే ఫైల్, ఎస్ అంటే సేవ్. ఎంటర్ బదులు టిల్డా గుర్తు, పాత ఫైల్ మీదే రాసెయ్యడానికి ఆర్. ఈ అయిదు గుర్తుల్నీ ఒక సెల్‌లో రాసి, ఆ సెల్‌కి ఒక అక్షరం పేరు పెడితే, ఆల్ట్‌తో కలిపి ఆ అక్షరం నొక్కగానే ఫైల్ సేవ్ అయిపోయేది. వేళ్ళకి అలవాటైన పనే ప్రోగ్రామ్ అయింది! ప్రోగ్రామింగ్ ముఖం చూడని గుమాస్తా కూడా అరగంటలో నేర్చుకోగలిగేది.

తర్వాత ఎక్సెల్. మొదట్లో దాని మాక్రోలకి ప్రత్యేకంగా మాక్రో షీట్లు ఉండేవి. 1993లో ఎక్సెల్ 5తో వీబీఏ వచ్చింది. నా దృష్టిలో ఇందులో అసలు గొప్పతనం మాక్రో రికార్డర్‌ది. మీరు చేసిన పనిని చూసి, అదే కోడ్ రాసి పెడుతుంది. ఆల్ట్, ఎఫ్11 నొక్కి ఆ కోడ్ చదువుకోవచ్చు. కానీ రికార్డర్‌కి లూపు తెలీదు, "ఇలా అయితే అలా చెయ్యి" అనడం తెలీదు. నలభై బ్రాంచీలకి ఒకటే రిపోర్టు కావాలంటే లూపు మనమే నేర్చుకోవాలి. ఇంతకన్నా మంచి పంతులు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

ఈ చరిత్ర ఎక్సెల్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక సెల్‌లో 60 అని కొట్టి తేదీగా మార్చి చూడండి. 29 ఫిబ్రవరి 1900 అంటుంది. నిజానికి 1900 లీపు సంవత్సరం కాదు! అది లోటస్ లెక్క. ఆ ఫైళ్ళతో పొంతన చెడకూడదని ఎక్సెల్ ఆ తప్పునీ తెచ్చుకుంది. అదే 60ని వీబీఏలో అడిగితే 28 ఫిబ్రవరి అంటుంది. 61 దగ్గర, అంటే మార్చి 1న, రెండూ కలుస్తాయి.

అయితే అందరికీ చేతికొచ్చిన కత్తి దొంగకీ వస్తుంది కదా. 1995లో కాన్సెప్ట్, 1999లో మెలిస్సా.. ఇవి వర్డ్ మాక్రో వైరస్‌లు. 1996లో ఎక్సెల్‌కి లారూ వచ్చింది. చివరికి 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్ళలో మాక్రోలని ముందే ఆపెయ్యడం మొదలుపెట్టింది. ఆ నిర్ణయం సబబే.

మాక్రోలే ఉండకూడదంటే మాత్రం నేను ఒప్పుకోను. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి, మిగతావి రాలిపోయాయి. దాన్ని చూపించి స్ప్రెడ్‌షీట్‌నే తిట్టిపోసినవాళ్ళు ఉన్నారు. కానీ అక్కడ లోపించింది షీట్‌లోకి ఎన్ని వచ్చాయో సరిచూసే ఒక్క వరస. అలాంటి వరస రాయగలిగేది ఆ డేటాతో రోజూ కుస్తీపట్టేవాళ్ళే.

అందుకే నేననేది ఒకటే. రేపు మీ మేనేజర్ "ఆ పాత మాక్రో పీకేసి వెబ్ అప్లికేషన్ కట్టండి" అంటే, ముందు ఆ మాక్రోని ఓపిగ్గా చదవండి. ఏ డాక్యుమెంట్‌లోనూ లేని వ్యాపార నియమాలు అందులో ఉంటాయి. రాసినావిడ ఇంకా అదే ఆఫీసులో ఉంటే వెళ్ళి పక్కన కూర్చోండి. ఆవిడ రిటైరయ్యాక అడగడానికి ఎవరూ ఉండరు.