నీటి కన్న ముందు చేరవలసిన మాట: మంజీర తీరంలో ఆపత్కాల వైర్‌లెస్ చరిత్ర

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, బీదర్ ప్రాంతాన్ని దాటి తెలంగాణలో ప్రవేశించి, సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను నింపి, బాన్సువాడ, బీర్కూర్ పొలాల పక్కగా ఉత్తరానికి సాగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిజాంసాగర్‌కు దిగువన ఉన్న బీర్కూర్‌కు వరద ఆకాశం నుంచి మాత్రమే రాదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన, ఇంకెవరో ఎత్తిన గేటు గుండా వస్తుంది. అందువల్ల ఈ తీర గ్రామాల భద్రత నీటి కన్న ముందు వార్త చేరడం మీద ఆధారపడి ఉంది. ఆ వార్త నీటిపారుదల శాఖ దగ్గర బయలుదేరి, రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక, వైద్య సిబ్బందిని దాటుకుంటూ ఊరికి రావాలి. ఈ శాఖల చేతుల్లోని సెట్లు ఒకదాని మాట ఒకటి అందుకోగలగడాన్ని పరస్పర అనుకూలత అంటారు. తెలుగు నేల మీద ఆ అనుకూలత చరిత్ర చాలావరకు దాని లేమి చరిత్రే.

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత జలాశయాల నిర్మాణంపై నిజాం సంస్థానం పెట్టిన దృష్టి మొదట ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లుగా రూపుదాల్చగా, సాగునీటి కోసం మంజీర మీద ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో ఈ భారీ కట్టడం లేచింది. ఆనకట్ట ఆధునికమైనదే గానీ, దాని దిగువ ఊళ్లలో వార్త నడిచే తీరు మాత్రం పాతదే: చెరువు తూములు చూసే నీరటి, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, శిస్తు చూసే మాలీ పటేల్, లెక్కలు రాసే పట్వారీ, వీరందరి మాటనూ వీధి వీధికీ మోసుకెళ్లే దండోరా. డప్పు మోగితే ఏ శాఖ కబురో అడగవలసిన పని లేకుండా ఊరంతా ఒకేసారి వినేది. అందరికీ చెందిన ఒకే మాధ్యమం అనే భావన ఆ డప్పులో ఉంది. అయితే దాన్ని మోసిన చేతులకు చాలా చోట్ల కూలి దక్కలేదని, కబురు మోయడం వెట్టిలో భాగంగా అణగారిన కులాల మీద పడిన భారమని కూడా అంతే స్పష్టంగా చెప్పవలసి ఉంది.

తీగ వచ్చిన తరువాత ఆ ఏకత్వం విడిపోయింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్‌ల మీదుగా మన్మాడ్‌కు సాగిన మీటర్‌గేజి రైలు మార్గం తన వెంట టెలిగ్రాఫ్ తీగను తెచ్చుకుంది. ఒక స్టేషన్ నుంచి బండి బయలుదేరిందని తరువాతి స్టేషన్‌కు చెప్పడం దాని మొదటి పని కనుక, అది ప్రధానంగా రైల్వే అవసరాలకే పనిచేసేది. రైలు లేని బీర్కూర్ వంటి చోట్లకు ఆ మాట చేరాలంటే మనిషి నడవాలి, లేదా గుర్రం పరుగెత్తాలి. ఏ శాఖ పెట్టుబడి పెడితే సమాచార మార్గం ఆ శాఖ సొత్తయ్యే పద్ధతికి ఈ ప్రాంతంలో ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

వైర్‌లెస్ ఈ పద్ధతిని మరింత గట్టిపరిచింది. బ్రిటిష్ ఇండియాలో 1933లో వచ్చిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, లైసెన్సు లేకుండా రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా నిర్ణయించింది. గాలిలో ఎవరికి ఏ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపించే తరంగం, కేటాయించాలో తేల్చే వైర్‌లెస్ ప్రణాళికా సమన్వయ విభాగం 1952లో కేంద్ర ప్రభుత్వంలో ఏర్పడింది. ఒకరి మాట ఇంకొకరి మాట మీద పడకుండా చూడడానికి ఈ కట్టడి అవసరమే. కానీ లైసెన్సు అడిగేది శాఖ, పొందేది శాఖ కావడంతో, ఒకే తాలూకాలో ఒకే వరద మీద పనిచేసే ఇద్దరు ఉద్యోగులు చట్టప్రకారమే వేర్వేరు తరంగాల మీద ఉండిపోయారు. అంతకు ముందే, 1946లో, కేంద్ర హోం శాఖ కింద మొదలైన సంస్థ ఇప్పటి పోలీసు వైర్‌లెస్ సమన్వయ డైరెక్టరేట్. రాష్ట్ర రాజధానుల్లో తన కేంద్రాలతో ఒక రాష్ట్ర పోలీసులను మరొక రాష్ట్ర పోలీసులతో కలపడం దాని బాధ్యత. పేరులో సమన్వయం ఉన్నప్పటికీ అది పోలీసుకూ పోలీసుకూ మధ్య సమన్వయం. ఫైరింజన్, అంబులెన్సు, తూము దగ్గరి లష్కరు దాని పరిధిలోకి రాలేదు.

రెండు సెట్లు పక్కపక్కనే ఉన్నా మాట్లాడుకోలేకపోవడానికి కారణం ఒక్కటి కాదు. వీహెచ్ఎఫ్ అనే పట్టీ 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ వరకు, యూహెచ్ఎఫ్ అనే పట్టీ ఆ పైన 3,000 మెగాహెర్ట్జ్ వరకు విస్తరించి ఉంటాయి. ఒక పట్టీకి తయారైన సెట్టు సాధారణంగా రెండోదాన్ని వినలేదు. పట్టీ ఒకటే అయినా, చేతి సెట్టు పంపే బలహీనమైన తరంగాన్ని ఒక పౌనఃపున్యం మీద అందుకుని మరో పౌనఃపున్యం మీద బలంగా తిరిగి పంపే రిపీటర్, ఎత్తైన గుట్ట మీదనో టవరు మీదనో ఏ శాఖదైతే ఆ శాఖ మాటనే మోస్తుంది. ఇవి రెండూ కుదిరినా, ఒకటి కంఠధ్వనిని ఉన్నదున్నట్టుగా పంపే అనలాగ్ పద్ధతిలో, రెండోది దానిని అంకెలుగా మార్చి పంపే డిజిటల్ పద్ధతిలో ఉంటే, అవతలి వారికి వినిపించేది గురగురే. డిజిటల్ సెట్లలోనూ తయారీదారు మారితే మాటను గుప్తపరిచే తాళం మారుతుంది. యంత్రాలన్నీ కలిసినప్పటికీ, ఒక శాఖ సంకేత పదాలు ఇంకో శాఖకు తెలియకపోతే విన్న మాట అర్థం కాదు; అమెరికాలో వివిధ శాఖలు కలిసి పనిచేసే సందర్భాల్లో అంకెల సంకేతాలు మాని మామూలు భాష వాడాలన్న నియమం 2006లో అమలులోకి వచ్చింది ఈ కారణం వల్లనే.

ఈ చిక్కులన్నిటికీ మన కంట్రోల్ రూంలు దీర్ఘకాలం ఆశ్రయించిన పరిష్కారం మనిషే. ఒక సెట్టులో విన్నదాన్ని ఆపరేటరు కాగితం మీద రాసుకుని, రెండో సెట్టులోనో ఫోనులోనో తిరిగి చెప్పడం అన్నమాట. యంత్రాల మధ్య లేని వంతెనగా నిలిచిన ఆ ఆపరేటర్ల శ్రమకు శాఖల చరిత్రల్లో దక్కవలసిన చోటు దక్కలేదు. అయినా ఈ పద్ధతికి హద్దులున్నాయి: ఒక్కో చేతి మార్పిడికి కొన్ని నిమిషాలు పోతాయి, ఊరి పేరు ఒకటి తప్పుగా వినబడితే పడవ ఇంకో ఊరికి పోతుంది. బీర్కూర్ వైపు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నదికి అవతల బిచ్కుంద, మద్నూర్ మండలాలు, వాటికి ఆవల మహారాష్ట్రలోని దెగ్లూర్, ఎగువన కర్ణాటకలోని బీదర్ జిల్లా ఉండడం వల్ల, ఒకే నది కబురు తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటల గుండా మూడు రాష్ట్రాల శాఖల మధ్య నడవవలసి వస్తుంది.

తెలుగు నేలకు సమాచార లోపం వెల ఏమిటో 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూపింది. పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ విపత్తులో తీగలు తెగిన తీర గ్రామాల గోడు బయటి ప్రపంచానికి వెంటనే చేరలేదు. దాని తరువాత 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరికలను నేరుగా తీర ప్రాంతాల రిసీవర్లకు పంపే ఏర్పాటు జరిగింది; అది పైనుంచి కిందికి మాత్రమే మాట్లాడే మార్గం, కింది నుంచి బదులు చెప్పే వీలు లేనిది. ఇదే దశాబ్దంలో, 1983లో, హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. పరీక్ష రాసి లైసెన్సు పొంది, ఆసక్తితో రేడియో నడిపే పౌరులను హామ్‌లు అంటారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌లో ప్రసార యాత్రలో ఉన్న బృందం, సునామీ మిగతా మార్గాలను తెంచివేసిన గంటల్లో పోర్టుబ్లెయిర్ నుంచి ప్రధాన భూభాగానికి వార్తలు అందించింది. హామ్‌ల యంత్రాలు ఖరీదైనవి కావు. వారి బలమంతా ప్రపంచమంతటా వారికి పంచి ఇచ్చిన ఉమ్మడి పట్టీలలో, అందరూ ఒప్పుకున్న సంబోధన నియమాలలో ఉంది. ప్రభుత్వ శాఖలు కోట్లు వెచ్చించీ సాధించలేనిది ఒక ఒప్పందం వల్ల వీరికి సాధ్యమైంది.

లోకంలో మిగతా చోట్ల కూడా ఈ పాఠం నష్టం తరువాతే వచ్చింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో, ఉగ్రదాడికి గురైన ఆకాశహర్మ్యం కూలేలా ఉందని పోలీసు హెలికాప్టర్ ఇచ్చిన హెచ్చరిక పోలీసు రేడియోలో వినిపించింది గానీ, లోపల మెట్ల మీదున్న అగ్నిమాపక సిబ్బంది సెట్లకు అందలేదు. ఆ రోజు అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. వేర్వేరు డిజిటల్ సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు యూరప్‌లో 1990ల మధ్యలో రూపొందిన టెట్రా ప్రమాణం, అమెరికాలో 1989లో మొదలైన ప్రాజెక్ట్ 25 అప్పటికే ఉన్నాయి. ప్రమాణం రాయడం ఒక ఎత్తు, శాఖలు దానికి కట్టుబడడం ఇంకో ఎత్తు. 2003లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రజారక్షణ, విపత్తు సహాయ సేవలకు ప్రాంతాలవారీగా ఉమ్మడి పట్టీలు వాడాలని దేశాలను కోరింది. భారత టెలికాం నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో ఇచ్చిన సిఫారసులు, దేశంలోని ఈ సేవల రేడియోలు శాఖకొకటిగా చీలి ఉన్నాయని గుర్తించి, అందరికీ ఒకే బ్రాడ్‌బ్యాండ్ వ్యవస్థను, దానికి ప్రత్యేక తరంగాలను ప్రతిపాదించాయి.

తెలుగు రాష్ట్రాలు ఈలోగా వేరొక దారిన నడిచాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ, పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలను ఒకే పిలుపు కిందికి తెచ్చే ఆలోచనతో పుట్టి, ప్రజల మనసుల్లో అంబులెన్సుకు పర్యాయపదంగా నిలిచింది. 100, 101, 108ల చెంతకు 2019 ఫిబ్రవరిలో దేశవ్యాప్త సంఖ్య 112 తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం, వేర్వేరు శాఖల అధికారులు ఒకే తెర ముందు కూర్చునే చోటును ఇచ్చింది. ఈ మూడూ గొప్ప మెట్లే. కానీ మూడింటిలోనూ కలిసింది పౌరుడి పిలుపు, అధికారి తెర. బురదలో నిలబడిన కానిస్టేబులు సెట్టు, పడవ మీదున్న ఫైర్‌మన్ సెట్టు కలిసే ఏర్పాటు వాటితో రాలేదు. పైగా వీటి భారం చాలావరకు మొబైల్ టవర్ల మీద ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, కరెంటు పోయి టవర్లు మూగబోవడం అందరూ చూసినదే.

2025 ఆగస్టు 27న బీర్కూర్ ఉన్న కామారెడ్డి జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసి, రైలు కట్ట కోసుకుపోయి, జాతీయ రహదారి దెబ్బతిని, కాలనీలు మునిగినప్పుడు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, రాష్ట్ర, జాతీయ విపత్తు దళాలు ఒకే నీటిలో దిగవలసి వచ్చింది. నిజాంసాగర్ గేట్ల గుండా వదిలిన నీటితో దిగువ మంజీర కూడా ఉప్పొంగింది. అలాంటి దినం మళ్లీ రాక తప్పదు. అన్ని శాఖల సెట్లలోనూ ఒక ఉమ్మడి చానల్‌ను నమోదు చేసి ఉంచడానికి కొత్త ఉపగ్రహం అక్కరలేదు, కొత్త టవరు అక్కరలేదు. అనుమతి, ఒప్పందం, రెండు పట్టీలను కలిపే ఒక గేట్‌వే పెట్టె చాలు. ప్రతి మృగశిర కార్తెకు ముందు ఒక రోజు జలాశయం గట్టు మీది ఉద్యోగి, బీర్కూర్ ఠాణా, బాన్సువాడ ఫైర్ సిబ్బంది, అంబులెన్సు పైలట్, నది అవతలి మండలాల వారు ఆ చానల్ మీద ఒకరినొకరు పిలిచి బదులు విని చూసుకునే ఏర్పాటును జిల్లా యంత్రాంగం చేయాలి, తీరగ్రామాల ప్రజలు అడిగి చేయించుకోవాలి.