గాజుసీసా నుండి నేలకు

మొక్కను పుట్టించుట ఒక విద్య. పుట్టిన మొక్కను బ్రతికించుట వేరొక విద్య. ఈ రెండవదానిని శాస్త్రజ్ఞులు ఎంత ఆలస్యముగా నేర్చిరో స్ట్రాబెరీ చరిత్ర మనకు తెలుపును.

స్ట్రాబెరీ మొక్క నేలపై తీగలు సాచి, వాని కణుపులకడ పిల్లమొక్కలను వేయును. తోటమాలులు తరతరములుగా వానినే నాటుచు వచ్చిరి. కాని తల్లికి వైరస్ తెగులు సోకినచో అది పిల్లలకును సంక్రమించును. తెగులు లేని మొక్కలు కావలెనన్న కోరికయే ఈ పంటను ప్రయోగశాలకు చేర్చినది.

1902లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హేబర్లాండ్ట్ మొక్క కణములను విడదీసి పెంచ యత్నించెను. అవి కొంతకాలము బ్రతికినవి గాని విభజన చెందలేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1952లో, ఫ్రాన్సున మొరెల్, మార్టిన్ అనువారు తెగులు సోకిన డాలియా కొనమొగ్గనుండి తెగులు లేని మొక్కను సాధించిరి. 1962లో మురాషిగె, స్కూగ్ కూర్చిన పోషకద్రావణము ఈ పనిని సుగమము చేసెను. 1974లో బెల్జియము దేశస్థుడైన బాక్సుస్ స్ట్రాబెరీని సీసాలలో విస్తారముగా వృద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను.

అంతటితో కష్టము తీరలేదు. సీసాలో గాలి నిండుతేమతో నుండును. ఆహారము పంచదార రూపమున సిద్ధముగా నుండును. వెలుతురు మాత్రము కొద్ది. అట్టి సుఖమున పెరిగిన ఆకుపై మైనపు పూత పలుచగా నేర్పడును. పత్రరంధ్రములు సరిగా మూసికొనవు. జెల్లీలో పుట్టిన వేరు మట్టినుండి నీటిని చక్కగా పీల్చలేదు. అట్టి మొక్కను ఒక్కసారిగా ఎండగాలిలో పెట్టినచో కొద్ది గంటలలోనే వాడిపోవును. నెలల శ్రమ, రైతు ధనము వ్యర్థమగును.

1985లో గ్రౌట్, మిల్లం అనువారు స్ట్రాబెరీపై జరిపిన పరిశీలన ఒక రహస్యమును వెల్లడించెను. సీసాలో పుట్టిన ఆకులు వెలుపలికి వచ్చిన పిదపకూడ సొంతముగా ఆహారమును చాలినంత తయారుచేసికొనలేవు. ఆ పని వెలుపల పుట్టిన కొత్త ఆకులదే. కావున ఆ ఆకులు విచ్చువరకు మొక్కను కాపాడుటయే ప్రధానము. మొదట ప్లాస్టిక్ కప్పు క్రింద, నీడలో, నీరు నిలువని తేలికమట్టిలో ఉంచి, కొన్ని వారములలో తేమను క్రమముగా తగ్గించి, వెలుతురును పెంచవలెను.

జపానులోని చిబా విశ్వవిద్యాలయమున కోజాయ్, ఆయన సహచరులు 1980 దశకాంతమున మరియొక అడుగు ముందుకు వేసిరి. పంచదార మానివేసి, కార్బన్ డయాక్సైడును, వెలుతురును హెచ్చించినచో మొక్క సీసాలోనే స్వయంపోషణ నేర్చునని వారు చూపిరి. శిక్షణ గుమ్మము దాటిన తరువాత గాక, లోపలనే మొదలైనది.

ఇది పరదేశపు ముచ్చట మాత్రము గాదు. మన రాయలసీమ అరటితోటలలో నాటు కణజాలవర్ధనపు మొక్కలును పొలము చేరుటకు ముందు నీడపందిళ్లలో ఇట్లే రాటుదేలవలసియున్నవి. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఏనాడో అనిరి. సీసాలోని మొక్కకును ఆ మాట చెల్లును.