గాజుతొట్టిలో సముద్రం

రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పేరులో ఉన్న మూడక్షరాలకు అర్థం ‘వ్యాగన్ రిపేర్ షాప్’. రైలు వ్యాగన్లను బాగుచేసే కర్మాగారం పక్కన పెరిగిన కాలనీ అది. 1931లో రాయ్‌పూర్ – విజయనగరం రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర జిల్లాలకూ ఈ ప్రాంతానికీ మధ్య రాకపోకలు సులభమయ్యాయి. రైల్వే పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. విశాఖ సముద్రం వీరికి ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరం.

ఇలాంటి చోట ఒక ఇంట్లో రంగుచేపల తొట్టి ఉండటం వింత కాదు. కాని అది మంచినీటి తొట్టి. అదే గదిలో ఉప్పునీరు నింపి, సముద్రపు చేపలను పెంచడం సాధ్యమేనా? సాధ్యమే. అయితే ఆ మాట ధైర్యంగా చెప్పడానికి మానవుడికి వందేళ్లకు పైగా పట్టింది. తొట్టిలో మన కంటికి కనిపించేవి గాజు, నీరు, చేప. చేపను బతికించేవి మాత్రం కనిపించని మూడు సంగతులు: నీటిలో కరిగిన లవణాల పాళ్లు, నీటిని తిప్పే గొట్టాలు, మలినాలను మార్చే సూక్ష్మజీవులు. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తెలుసుకోవడమే ఉప్పునీటి అక్వేరియం చరిత్ర. ఈ చరిత్ర తెలియకుండా తొట్టి పెట్టినవారు దాన్ని తమ చేపల ప్రాణాలతో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది.

మొదటి తొట్లు

సముద్రజీవిని గాజుపెట్టెలో ఉంచి శాస్త్రీయంగా పరిశీలించినవారిలో మొదట చెప్పుకోదగినది ఫ్రెంచి మహిళ జాన్ విల్‌ప్రూ-పవర్. ఆమె 1832లో సిసిలీ దీవిలో ఆర్గోనాటా అనే ఆక్టోపస్ జాతి జీవిని గాజుతొట్టిలో పెంచింది. ఆ జీవి తన గుల్లను తానే తయారు చేసుకుంటుందా, లేక వేరే జీవి గుల్లలో దూరుతుందా అన్నది అప్పటి వివాదం. తానే తయారు చేసుకుంటుందని ఆమె నిరూపించింది. అయితే సిసిలీలో సముద్రం పక్కనే ఉంది. పాడైన నీటిని పారబోసి కొత్తనీరు తెచ్చుకోవచ్చు.

అసలు సమస్య సముద్రానికి దూరంగా ఉన్న నగరాలది. 1846లో ఆనా థైన్ అనే ఇంగ్లీషు మహిళ సముద్రతీరం నుంచి పగడపు జీవులను లండన్ తెచ్చింది. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా ఆమె ఇంట్లో పనిమనిషి తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి రోజూ పోస్తూ ఉండేది. నేటి గాలిపంపు పనిని ఆనాడు ఒక మనిషి రెండు చేతులూ చేశాయన్నమాట!

1850లో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ మొక్కలు, నత్తలు, చేపలు కలిసి ఉంటే తొట్టి తనంత తాను నిలబడగలదని చూపాడు. మొక్కలు ప్రాణవాయువునిస్తాయి, చేపలు బొగ్గుపులుసు వాయువునిస్తాయి, కుళ్లిన ఆకులను నత్తలు తింటాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహం తెరిచారు. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లండులో ఇంటింటా సముద్రపు తొట్టి పెట్టుకోవడం ఒక మోజుగా మారింది.

ఆ మోజు ఎక్కువకాలం నిలవలేదు. చిన్న తొట్టి, అందులో లెక్కకు మించిన జీవులు, కదలని నీరు. ఒక్క జీవి చచ్చి కుళ్లితే తొట్టి అంతా పాడయ్యేది. జనం తీరానికి వెళ్లి మళ్లీ తెచ్చుకునేవారు. తండ్రి పుస్తకం చదివి ఎగబడిన జనం ఇంగ్లండు తీరంలోని రాతిగుంటలను ఖాళీ చేశారని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధతో రాశాడు.

ఉప్పు అంటే ఒక్క ఉప్పు కాదు

సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు కలిగి ఉంటుంది. ‘అయితే కుళాయి నీటిలో 35 గ్రాముల వంటఉప్పు కలిపితే సరిపోదా?’ అని కొత్తవారికి తోచడం సహజం. సరిపోదు. ఆ లవణాలలో సోడియం, క్లోరిన్‌లదే పెద్దవాటా అయినా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు కూడా ఉంటాయి. అవి లేకుండా సముద్రజీవి శరీర వ్యాపారం సాగదు.

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్లను చూసినవారికి ఇంకో సందేహం రావచ్చు. ఆ ఉప్పు సముద్రపు నీటినుంచి వచ్చిందే కదా? వచ్చినదే, కాని పూర్తిగా కాదు. మడిలో నీరు ఆవిరవుతున్నప్పుడు ముందుగా సున్నపు లవణాలు, జిప్సం అడుగున చేరతాయి. ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం లవణాలు మిగిలిన చేదు ద్రావణంలో ఉండిపోతాయి, దాన్ని బయటికి వదిలేస్తారు. కాబట్టి కల్లుప్పును నీటిలో కలిపితే తిరిగి సముద్రం రాదు.

మరి ఆ లవణాలు ఏ పాళ్లలో ఉన్నాయి? సముద్రాలన్నింటిలో ముఖ్య లవణాల నిష్పత్తి ఒక్కటే అన్న ఊహను 1819లో అలెగ్జాండర్ మార్సెట్ ముందుకు తెచ్చాడు. 1865లో యోహాన్ ఫోర్క్‌హామర్ దాన్ని బలపరచాడు. 1872–76 మధ్య ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన ‘ఛాలెంజర్’ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విశ్లేషించి 1884లో విలియం డిట్‌మార్ దాన్ని ఖాయం చేశాడు. గాస్ 1850ల మధ్యలోనే నాలుగు లవణాలతో కృత్రిమ సముద్రజలం తయారు చేశాడు గాని, పూర్తి జాబితాకు ఆధారం డిట్‌మార్ పనే. 1964లో అమెరికాలో ‘ఇన్‌స్టంట్ ఓషన్’ అనే లవణ మిశ్రమం అమ్మకానికి వచ్చింది. రాయ్‌పూర్‌లో సముద్రం తయారు చేసుకోవడం ఆ రకం మిశ్రమాల వల్లనే సాధ్యమైంది.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ఆర్‌వో నీటిలో ఈ మిశ్రమాన్ని కలిపి, విశిష్ట సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో హైడ్రోమీటరుతో చూడాలి. 200 లీటర్ల తొట్టిలో సుమారు 7 కిలోల లవణం ఉంటుంది. ఎండాకాలంలో 10 లీటర్లు ఆవిరైతే లవణం మాత్రం అలాగే ఉండిపోయి, లీటరుకు 35 గ్రాములు కాస్తా దాదాపు 37 గ్రాములవుతాయి. అందువల్ల ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు పోయకూడదు, మంచినీరే పోయాలి.

సంపు, మోటారు, గొట్టం

కదలని నీటి సమస్యను పరిష్కరించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామగ్రిని, సముద్రజీవులను అమ్మే దుకాణం పెట్టిన ఇతడు 1864లో హాంబర్గ్ అక్వేరియాన్ని, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియాన్ని నడిపాడు. అతని సూత్రం తేలికైనది. చేపలు కనిపించే తొట్లలో కొంత నీరు, దానికి ఎన్నోరెట్ల నీరు కింద చీకటి జలాశయంలో. పంపు ఆ నీటిని రాత్రింబవళ్లు పైకి తోస్తుంది, పొంగిన నీరు తిరిగి కిందికి జారుతుంది. నీటిని మార్చడం కాదు, తిప్పడం ముఖ్యమని లాయిడ్ గ్రహించాడు. 1874లో తెరిచిన నేపుల్స్ అక్వేరియానికి కూడా అతని సలహా తీసుకున్నారు.

మన దేశంలో మొదటి సముద్ర అక్వేరియం 1909లో మద్రాసు మెరీనా తీరాన వెలసింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్స్టన్ ఆలోచన అది. కోస్తా జిల్లాల తెలుగువారు కూడా అప్పుడు ఆ రాజధానికి చెందినవారే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది మూతపడింది. 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం వచ్చింది. రెండూ సముద్రపు ఒడ్డున ఉన్నవే.

లాయిడ్ పద్ధతి మన ఇళ్లకు కొత్తది కాదు. కింద సంపు, పక్కన మోటారు, మేడమీద ట్యాంకు: ప్రతి ఇంట్లో ఉన్నదే. ఉప్పునీటి తొట్టిలోనూ అంతే. పైన తొట్టి, కింద బల్లలో సంపు. తొట్టి పై అంచున ఉన్న పొంగుగొట్టం ద్వారా నీరు సంపులోకి దిగుతుంది. అక్కడ వడపోత జరిగి, చిన్న పంపు ద్వారా తిరిగి పైకెక్కుతుంది.

ఇక్కడ కొత్తవారు తప్పక వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది. అప్పుడు పైకి వెళ్లే గొట్టమే సైఫన్‌గా మారి, తొట్టిలోని నీటిని వెనక్కి లాగుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో నీటిమట్టం 5 సెంటీమీటర్లు దిగితే 20 లీటర్లకు పైగా నీరు కిందికి వస్తుంది. సంపులో ఆ మేరకు ఖాళీ లేకపోతే నీరంతా గదిలో పారుతుంది. అందుకే పైగొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న రంధ్రం పెడతారు. నీరు కొంచెం దిగగానే రంధ్రంలోంచి గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోకుండా చూసుకోవాలి. నాన్-రిటర్న్ వాల్వును మాత్రమే నమ్ముకోకూడదు, ఒక ఇసుకరేణువు అడ్డుపడినా అది మూసుకోదు. కిందికి దిగే గొట్టం పైకెక్కే గొట్టంకంటే లావుగా ఉండాలి. పంపు నీటిని తోస్తుంది, దిగే నీటికి సొంత బరువు తప్ప మరో ఆధారం లేదు.

గొట్టం ఏ పదార్థంతో చేసిందన్నది మరో ప్రశ్న. ఉప్పునీరు లోహాలను తింటుంది. అతి కొద్ది రాగి కరిగినా రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. పూర్వపు అక్వేరియాలలో ఇందుకే గట్టిపరచిన రబ్బరు గొట్టాలు వాడారు. 1930లలో జర్మనీలో పీవీసీ గొట్టాలు వచ్చాక క్రమంగా ఈ చిక్కు తీరింది. ఈనాడు కూడా జాగ్రత్త అవసరమే. స్నానాల గదికి వాడే కొన్ని ప్లాస్టిక్ ఎల్బోల లోపల ఇత్తడి మరలుంటాయి, అవి పనికిరావు. జీఐ పైపులు అసలే పనికిరావు. సాల్వెంట్ సిమెంటుతో అతికించిన కీళ్లను పూర్తిగా ఆరనిచ్చి, మొదట మంచినీటితో ఒక రోజంతా నడిపి కారుతున్నాయేమో చూడాలి. పంపుకు రెండువైపులా యూనియన్లు పెడితే కోయకుండానే విప్పవచ్చు. వ్యాగన్ బ్రేకు పైపులో గాలి ఎక్కడ కారుతోందో పట్టుకునే చేతులకు ఇది పెద్ద పని కాదు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఈ లైనుకు ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఇరవై రోజుల నిరీక్షణ

లవణాలు కుదిరాయి, నీరు తిరుగుతోంది. అయినా చేప ఎందుకు చస్తుంది? దీని జవాబు అక్వేరియంలో కాక, మురుగునీటి ప్రయోగంలో దొరికింది. 1877లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు థియోఫిల్ ష్లోసింగ్, అషిల్ మ్యూంట్జ్ ఇసుక, సున్నపురాయి పొడి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పోనిచ్చారు. ఇరవై రోజులపాటు ఏమీ జరగలేదు, అమ్మోనియా అమ్మోనియాగానే వచ్చింది. ఆ తర్వాత అది నైట్రేటుగా మారి రావడం మొదలైంది. క్లోరోఫారం ఆవిరి పంపితే మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నవి ప్రాణమున్నవన్నమాట! 1890లో సెర్గీ వినోగ్రాద్‌స్కీ ఆ బ్యాక్టీరియాలను వేరుచేశాడు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా, మరొకటి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. చివరిది చాలావరకు హానిలేనిది, నీరు మారిస్తే తగ్గుతుంది.

అక్వేరియం పెంపకందార్లు ఈ జ్ఞానాన్ని అందిపుచ్చుకోవడానికి మరో అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. 1950ల తర్వాత గులకరాళ్ల పొర గుండా నీటిని లాగే వడపోతలు వ్యాపించాయి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లు, గాలిబుడగలు మాత్రమే వాడి పగడపు జీవులను పెంచే విధానాన్ని వివరించాడు. రాళ్ల రంధ్రాలలోని సూక్ష్మజీవులే అక్కడ వడపోత. ఆశ్చర్యకరమైన విషయమేమంటే ఈ కథ అక్కడితో ముగియలేదు. అమ్మోనియాను మార్చే ఆర్కియా జాతి సూక్ష్మజీవిని 2005లో మొదటిసారి వేరుచేసి పెంచారు. అది దొరికింది అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టిలో!

సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ. పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో అమ్మోనియా మంచినీటిలో కంటే చాలా ఎక్కువ విషపూరితం. కాబట్టి తొట్టి నింపిన నాడే చేపను వదిలితే అది తన విసర్జనలోనే చస్తుంది. ముందుగా కొద్దిపాటి అమ్మోనియానో, చిటికెడు చేపల మేతనో నీటిలో వేసి, చేప లేకుండానే తొట్టిని నడపాలి. పరీక్షలలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగేదాకా ఆగాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ష్లోసింగ్, మ్యూంట్జ్ ఎదురుచూసిన ఇరవై రోజులలాంటివే ఇవి, వీటిని డబ్బుతో దాటవేయలేము.

రాయ్‌పూర్ ఎండలో

రాయ్‌పూర్‌లో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది. తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. సముద్రపు నీటిలో దాదాపు 6.7 మాత్రమే. వేడి పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. కాబట్టి చల్లని గది, నీటిమీద ఫ్యాను, కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ గాలిపంపు ముందే చూసుకోవాలి. తొట్టి ఎంత పెద్దదైతే మార్పు అంత నెమ్మది. మొదటి తొట్టి 200 లీటర్లకు తగ్గకపోవడం మంచిది.

ఇక చేప ఎక్కడినుంచి వచ్చిందన్నది చివరి ప్రశ్న. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో అలంకార చేపలను సయనైడు చల్లి మత్తెక్కించి పట్టారు. ఆ విషానికి పగడపు దిబ్బలు కూడా నాశనమయ్యాయి. మన దేశంలో పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని, పగడపు రాళ్లను ఎవరు అమ్మజూపినా కొనరాదు, సూక్ష్మజీవుల నివాసానికి పింగాణీ వలయాలు చాలు. మరోవైపు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచే పద్ధతులు రూపొందించారు. తొట్టిలో పుట్టిన చేప తొట్టి తిండికి అలవాటు పడి ఉంటుంది, సముద్రానికి నష్టమూ ఉండదు. కొత్తవారు అటువంటి రెండు క్లౌన్ చేపలతో మొదలుపెట్టడం మేలు.

రాయ్‌పూర్ నేల కింద ఉన్న సున్నపురాయి సుమారు వంద కోట్ల ఏళ్ల కిందటి లోతులేని సముద్రంలో ఏర్పడింది. ఆ రాతిలో సూక్ష్మజీవుల పొరలు పేరుకుని తయారైన స్ట్రోమటోలైట్లు నేటికీ కనిపిస్తాయి. ఆ సముద్రంలో చేపలు లేవు, అవి రావడానికి ఇంకా కోట్ల ఏళ్లు పట్టింది. తొట్టి పెట్టేవారు పాటించవలసిన వరుస కూడా అదే: మొదట నీరు, తర్వాత సూక్ష్మజీవులు, ఆ తర్వాతే చేప.