సబ్బుపొడి వ్యాజ్యెము

గడచిన శ్రావణమాసములో నొకనాడు నా భార్య మా పట్టణమునందలి యొక పెద్ద చవుక యంగడికి బోయి నెలసరకులు దెచ్చినది. అందు నువ్వులనూనె సీసా యొకటి. అంగడిలోని యరకు అంటించిన చీటిపై దాని వెల 285 రూపాయలని యుండగా, ఇంటికి వచ్చి బిల్లు చూచుకొనునప్పటికి 300 రూపాయలని పడియున్నది. మరునా డామె తిరిగి పోయి యడిగినది. సొమ్ము పుచ్చుకొను బల్లకడ నున్న పిల్ల, “నాదేమున్నదండీ, కంప్యూటరులో ఎంత చూపితే అంతే” అన్నది. అరలు సర్దు కుర్రవాడు, “చీటీలు మార్చేవాడు నిన్న రాలేదమ్మా” అన్నాడు. మేనేజరు, “వెలలు మేము వేయమండీ, పైనుండి వచ్చును” అన్నాడు. ఆమె వట్టి సంచితో మరలి వచ్చుచుండగా ద్వారముకడ కావలివాడు ఆ సంచిని తెరపించి చూచెను.

ఇంటికి వచ్చి యామె నాతో ననిన మాట యిది: “పదునైదు రూపాయలు పోయినవని కాదండీ. ముగ్గురి నడిగితిని. ముగ్గురును మాకు సంబంధము లేదనిరి. మరి నాకు నూనె నమ్మిన దెవరు?”

ఈ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కాని యీ ప్రశ్నయే ఇంగ్లండులో నొక సబ్బుపొడి పొట్లమును గూర్చి పుట్టి, మేజిస్ట్రేటు కచేరి మొదలు ప్రభువుల సభ వరకు బోయి, 1971లో తీర్పు పొందినది. ఆ కథ మన గృహిణులకు దెలియదగినది. అయితే దానికి ముందు, అమ్మువా డెవడో కొనువారికి దెలియకపోవుట యెట్లు సంభవించెనో కొంచెము చెప్పవలసియున్నది.

మన ధర్మశాస్త్రములు పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయ మను దాని నొకటిగా బరిగణించినవి. కొనిన పిదపగాని యమ్మిన పిదపగాని మనస్తాపము గలిగినవాడు పది దినములలోగా సరకు తిరిగి యీయవచ్చుననియు, తిరిగి పుచ్చుకొనవచ్చుననియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. స్మృతులలోని సకల విషయములను నెత్తిన బెట్టుకొనువాడను నేను గాను. వానిలో మనము విడిచిపెట్టినవియు, ఇంకను విడిచిపెట్టవలసినవియు ననేకములు గలవు. కాని యీ నియమము వెనుక నున్న యూహ గమనింపదగినది. అమ్మినవాని మొగము కొనినవా డెరుగును. పదవనాడు వాని యింటికి బోయి తలుపు తట్టగలడు. క్రయవిక్రయము లనగా నిద్దరు మనుష్యులకు నడుమ జరుగు పని.

అంతమాత్రమున పూర్వపు టంగడులలో ధర్మము నాలుగు పాదముల నడచెనని యెవరు ననరాదు. తప్పుడు తూకములు, కల్తీ సరకులు, అప్పుపద్దులలో జమకానట్టి సొమ్ములు మన తాతలకు దెలియనివి గావు. ఇంగ్లండులోను నదే స్థితి. అందుచేతనే 1844 డిశంబరు 21వ తేదీని రాచ్‌డేల్ పట్టణమున టోడ్ లేన్ అను వీధిలో 28 మంది, వారిలో ననేకులు నేతపనివారు, తలకొక పౌను మూలధనముతో తమ దుకాణమును తామే తెరచుకొనిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓటుపిండి, కొన్ని క్రొవ్వొత్తులు, ఇంతే వారి సరకు. వారు చవుకగా నమ్మలేదు సుమా! బజారు వెలకే యమ్మి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో యా లెక్కను వారికే పంచిరి. కల్తీలేని పిండియు సరియైన తూకమును వారి పట్టుదల. 1883లో నా యుద్యమమునందలి స్త్రీలు తమకు బ్రత్యేకముగ నొక సంఘము నేర్పరచుకొనిరి. బుట్ట చేతబట్టుకొని యంగడికి బోవు నిల్లాలికి ఆ యంగడి పాలనలో మాట యుండవలెనని వారు వాదించిరి. ఆ మాట యనుటకు వారికి ముప్పదితొమ్మిది సంవత్సరములు పట్టినది.

పెద్ద మార్పు అమెరికాలో వచ్చినది. 1916లో టెన్నెసీ రాష్ట్రపు మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అనునాతడు ‘పిగ్లీ విగ్లీ’ యను వింతపేరుతో నొక యంగడి తెరచెను. అంతకు బూర్వము కొనువారు బల్ల కీవల నిలిచి కావలసినది చెప్పగా, ఆవల నున్న గుమాస్తా తెచ్చి, తూచి, కట్టి యిచ్చెడివాడు. సాండర్స్ ఆ బల్లను దీసివేసెను. వచ్చినవారు తిరుగుడు గేటు గుండ లోనికి బోయి, అరలనడుమ నేర్పరచిన యొకే త్రోవను నడచి, తమ సరకు తామే తీసికొని, చివర సొమ్ము చెల్లించి వెలికి రావలెను. ప్రతి వస్తువునకు వెల వ్రాసియుండును. ఈ యేర్పాటునకు 1917లో నాతడు పేటెంటు సంపాదించెను. 1937లో ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ అను వర్తకుడు చక్రముల బండిని కనిపెట్టగా, మొదట దాని నెవరును ముట్టలేదట. కూలికి మనుష్యులను బెట్టి, వారు బండ్లు త్రోయుచు దిరుగుచుండగా జనులు చూచి నేర్చుకొనిరి.

దీనివలన వెలలు తగ్గిన మాట నిజము. తగ్గుట కొక కారణము, గుమాస్తా చేయు పనిలో సగము కొనువారిమీద బడుట. ఆ పనికి జీతము లేదు. అది చాలక, సరకులు కొనువారి చేతి కందునట్లు పెట్టినందున, కొనువారియందు దొంగతనపు టనుమానము పుట్టినది. వెనుక తూకములో మోసము చేయునేమోయని కొనువా రంగడివానిని గనిపెట్టియుండెడివారు. ఇప్పు డంగడివాడు కొనువారిని గనిపెట్టియుండుట మొదలిడెను. గుప్తచరులు వచ్చిరి, తరువాత కెమెరాలు వచ్చినవి. మా యింటి సంచిని తెరపించి చూచిన కావలివాని వంశవృక్షము మెంఫిస్ గేటు కడనుండి యారంభమగుచున్నది.

ఇంగ్లండులో నీ పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధకాలమున సహకార సంఘముల యంగడులలో మొదలై, 1950 తరువాత వ్యాపించెను. వెంటనే యొక ధర్మసందేహము పుట్టినది. అరలోని వస్తువును తీసి బుట్టలో వేసికొనగానే యమ్మకము జరిగినట్లా? బల్లకడ సొమ్ము చెల్లించినప్పుడా? బూట్స్ అను మందుల కంపెనీ ఎడ్జ్‌వేర్‌లో దెరచిన యంగడిని గూర్చి యీ ప్రశ్న బయలుదేరగా, 1953లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. అరలో నుంచుట బేరమునకు బిలుచుట మాత్రమే. సరకు బల్లకడకు దెచ్చినప్పుడు కొనెదనని చెప్పువాడు కొనువాడు. సరే యనువా డంగడివాడు. అమ్మక మప్పుడే జరుగును. తర్కము చక్కగా నున్నది. కాని దీనివలన చీటిమీది వెల యొక యాహ్వానపత్రిక యైనది. ఆహ్వానమును నమ్మి వచ్చినవారు బల్లకడ చెప్పిన వెల యిచ్చినయెడల, ఇచ్చెదమని యొప్పుకొని యిచ్చినట్లే.

ఇక టెస్కో సంగతి. జాక్ కోహెన్ అను దర్జీవాని కుమారుడు మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగి వచ్చి 1919లో లండను తూర్పుభాగమున బజారులో దుకాణపు బల్ల పెట్టుకొని, సైన్యమునకు మిగిలిన తినుబండారముల నమ్మెను. కుప్పగా బోయుము, చవుకగా నమ్ముము: ఇదే యతని సూత్రము. తయారుచేయువారు నిర్ణయించిన వెలకు దక్కువగా నమ్మరాదను కట్టుబాటు ఆ దేశమున నుండెడిది. 1964 నాటి చట్టము దానిని చాలవరకు తొలగించుటతో చవుక యంగడులకు రాజమార్గ మేర్పడినది. స్వల్పాదాయము గలవారి కిది మేలే చేసినది. ఆ మేలును నేను తక్కువ చేసి చెప్పను. ఒక షిల్లింగు తగ్గెనను ప్రకటన చూచి వీధి దాటి పోవువారు పేదలేగాని ధనికులు గారు.

అట్లు పోయినవారిలో నొక వృద్ధుడైన పింఛనుదారుడు గలడు. 1969 సెప్టెంబరులో చెషైర్ మండలమందలి నార్త్‌విచ్ పట్టణపు టెస్కో యంగడి గవాక్షమున ‘రేడియంట్’ అను సబ్బుపొడి పెద్ద పొట్లము 2 షిల్లింగుల 11 పెన్నీలకే యని ప్రకటన యుండెను. మామూలు వెల 3 షిల్లింగుల 11 పెన్నీలు. వృద్ధుడు లోనికి బోయి వెదకగా, ఉన్నవన్నియు హెచ్చు వెల పొట్లములే. ఒకటి తీసికొని బల్లకడకు బోయి యడుగగా, తక్కువ వెలవి లేవనిరి. ఆయన హెచ్చు వెలయే యిచ్చి, తిన్నగా తూనికలు కొలతల తనిఖీదారునకు ఫిర్యాదు చేసెను.

లోపల జరిగిన దిది. క్రిందటి సాయంకాలము అరలు సర్దు నొక పిల్ల, తగ్గింపు పొట్లము లయిపోవుటచేత మామూలు పొట్లములను వానిచోట నుంచి, ఆ సంగతి మేనేజరుతో జెప్పలేదు. మేనేజరు తనిఖీ చేయకయే దినచర్య పుస్తకములో తగ్గింపు సరకు లన్నియు సరిగా నున్నవని వ్రాసెను. తెలిసియుండినచో ప్రకటనైన దీసివేయించును, వెలయైన తగ్గించును. ఇందు దురాశ యెవరిదియు లేదు. ఒక పిల్ల మరచిపోయినది, ఒక పెద్దమనిషి చూడక సంతకము పెట్టెను. బడిలో హాజరుపట్టీ వ్రాయు నేనును అట్టి సంతకములు పెట్టినవాడనే.

1968 నాటి వర్తక వర్ణనల చట్టము ప్రకారము వెల తక్కువని చూపి హెచ్చునకు నమ్ముట నేరము. అయితే నిందితుడు తాను తగిన జాగ్రత్త లన్నియు దీసికొంటిననియు, తప్పు మరియొకనివలన జరిగెననియు రుజువు చేసినచో విడుదల పొందవచ్చును. కంపెనీ వా రీ మార్గమునే పట్టిరి. మాకు వందలకొలది యంగడులు గలవు; వానిపై తనిఖీదారులు, వారిపై నధికారులు, వారిపై డైరెక్టర్లు గలరు; మేనేజరులకు ఉత్తరువు లిచ్చియున్నాము; తప్పు చేసినది మా మేనేజరు, అతడు మరియొకడు, అని వాదించిరి. మేజిస్ట్రేట్లు ఒప్పుకొనక జరిమానా వేసిరి. పై న్యాయస్థానమును దాని నిలిపెను. కంపెనీ ప్రభువుల సభకు బోయెను. ఒక షిల్లింగు పొట్లమునకై యింత వ్యయమా యని యాశ్చర్యపడనక్కరలేదు. వందల యంగడులలో నిట్టి పొట్లము లెన్ని యుండునో కంపెనీకి దెలియును.

1971 మార్చి 31వ తేదీని యైదుగురు ప్రభువులు కంపెనీ పక్షముననే తీర్పు చెప్పిరి. మనుష్యునకు మన సుండును, కంపెనీకి లేదు. దానిని నడపు డైరెక్టర్లు మొదలగు పైవారి మనస్సే దాని మనస్సు. అంగడి మేనేజరు వంటి వారు దాని చేతులేగాని మెదడు గారు. కావున మేనేజరు కంపెనీ కాడు, మరియొకడే. సరియైన యేర్పాట్లు చేసిన కంపెనీ నిర్దోషి. ఒక విచిత్రము: ఆ యేడు ఫిబ్రవరిలోనే ఇంగ్లండు దశాంశ నాణెములకు మారినందున, తీర్పు వచ్చునప్పటికి షిల్లింగే లెక్కలలోనుండి తొలగిపోయియుండెను.

నిర్దోషిని శిక్షింపరాదను ధర్మమునుబట్టి యీ తీర్పులో తప్పు పట్టుట కష్టము. జాగ్రత్తపడినవానికి విడుదల యిచ్చిన దా చట్టమే. అయినను నా మన స్సొప్పుకొనదు. లాభము పుచ్చుకొనునప్పు డా చేయి కంపెనీదే, నష్టము వచ్చినప్పుడు మాత్రము మరియొకనిది యగుచున్నది. మేజిస్ట్రేట్లు పెద్ద శాస్త్రజ్ఞులు గాకపోవచ్చునుగాని, వృద్ధుని యెదుట నిలిచిన మేనేజరే ఆయనకు గనబడిన కంపెనీ యని వారు గ్రహించిరి.

ఆ సిద్ధాంతము ఇంగ్లీషు న్యాయము వ్యాపించిన దేశము లనేకములకు బోయినది. ఇంగ్లండులో 2023 నాటి చట్టము ఆర్థిక నేరముల విషయమున దానిని కొంత సడలించి, ఉన్నతోద్యోగుల తప్పును కంపెనీ తప్పుగా నెంచుచున్నది. అంగడి మేనేజరు లా యున్నతోద్యోగులలో జేరుట దుర్లభము.

మన దేశమున వేరొక త్రోవ గలదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును, దాని స్థానమున వచ్చిన 2019 నాటి చట్టమును నేరము మోపుటకన్న నష్టము తీర్చుట నెక్కువ కోరినవి. జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయువారు కంపెనీ మనస్సును వెదకనక్కరలేదు; వెల పుచ్చుకొన్నదా లేదా యనియే విచారణ. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. చెడిన సరకును వేరే గడువు చెప్పనిచో ముప్పది దినములలో తిరిగి పుచ్చుకొననిది అన్యాయపు వర్తకమని యా చట్టము చెప్పుచున్నది. మనువు పది దినములిచ్చెను. కాని పొట్లములపై ముద్రించు గరిష్ఠ చిల్లర ధరను నమ్మి మన మేమరుచున్నాము. నా భార్య తెచ్చిన సీసాపై 320 రూపాయలని యున్నది. 285 అయినను 300 అయినను దానికి లోబడినదే. చవుక యంగడి చేయు వాగ్దానము సీసామీద ముద్రింపబడదు. అరమీది చీటిలో మాత్రమే యుండును. ఆ చీటిని రాత్రికి రాత్రి మార్చవచ్చును.

ఈ కథ విని నా భార్య చీటి ఫొటోను, బిల్లును జతపరచి కంపెనీ కార్యాలయమునకు జాబు వ్రాసినది. పదునొకండవ దినమున పదునైదు రూపాయలు వచ్చినవి. వానితో, తమకు గలిగిన యసౌకర్యమునకు చింతించుచున్నా మని యొక యచ్చు జాబు వచ్చినది. దాని క్రింద నెవరి పేరును లేదు.