వచ్చే ఏడు నీదే

“ఈసారికి సర్దుకో, వచ్చే అప్రైజల్లో నీదే.” ఐటీలో పదేళ్ళు పని చేసినవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు ఉంటారా? నేనైతే రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ నమ్మాను. సరే, నా గోడు వదిలేద్దాం. ఇదే మాటని నమ్మిన ఇంకొకాయన కథ చెప్తాను. ఆయన పేరు గ్రెగ్ లెమాండ్, మాట ఇచ్చినాయన బెర్నార్ ఇనో. (ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు హెచ్ ఉంటుంది గానీ ఫ్రెంచి వాళ్ళు పలకరు.)

సైకిల్ రేసు చూడనివాళ్ళకి ఒక చిన్న వివరణ. టూర్ ద ఫ్రాన్స్ సుమారు మూడు వారాల పందెం. రోజుకో స్టేజి. గెలిచేది ఒక్కడే, కానీ ఆ ఒక్కడు జట్టు లేకుండా గెలవడం దాదాపు అసాధ్యం. ముందువాడు గాలిని కోసుకుంటూ పోతుంటే వెనకవాడికి బోలెడు శ్రమ తగ్గుతుంది. అందుకే జట్టులో మిగతావాళ్ళు లీడర్ ముందు నడుస్తారు, నీళ్ళ సీసాలు మోస్తారు, అవసరమైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేస్తారు. వీళ్ళని ఫ్రెంచిలో దొమెస్తీక్ అంటారు. అచ్చంగా పనివాడు అనే అర్థం. 1934లో రెనే వియెతో అనే 20 ఏళ్ళ కుర్రాడు తన లీడర్ ఆంతొనాఁ మాన్యకి చక్రం ఇచ్చేసి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని ఏడుస్తున్న ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ ఏడు మాన్య గెలిచాడు.

మరి జట్టులో లీడర్ కాగలిగినవాళ్ళు ఇద్దరుంటే? అసలు తంటా అక్కడే.

1985లో లా వీ క్లేర్ జట్టు పరిస్థితి అదే. యజమాని బెర్నార్ తపీ అనే ఫ్రెంచి వ్యాపారవేత్త. లీడర్ ఇనో, అప్పటికే నాలుగుసార్లు టూర్ గెలిచాడు. అతని ముద్దుపేరు బ్లేరో, అంటే బ్యాడ్జర్ అనే జంతువు. మూలకి తరిమితే మీద పడుతుందట. రెండో మనిషి లెమాండ్, అమెరికన్, వయసు 24. 1983లో ప్రపంచ ఛాంపియన్, 1984లో తన మొదటి టూర్‌లోనే మూడో స్థానం. అంటే ఫ్రెషర్‌ని తెచ్చి బెంచి మీద కూర్చోబెట్టలేదన్నమాట.

ఆ ఏడు సాంతెతియెన్ దగ్గర ఇనో పడి ముక్కు విరగ్గొట్టుకున్నాడు. పసుపు జెర్సీ ఇంకా అతని ఒంటి మీదే ఉంది, కానీ ఊపిరి సరిగా ఆడటం లేదు. పిరనీస్ కొండల్లో లుజ్ ఆర్దిదాఁ స్టేజి వచ్చింది. స్టీఫెన్ రోష్‌తో కలిసి లెమాండ్ ముందుకెళ్ళిపోయాడు, ఇనో వెనకబడ్డాడు. జట్టు కారు పక్కకొచ్చి లెమాండ్‌కి ఆర్డర్ ఇచ్చింది: రోష్‌కి సాయపడి వేగం పెంచొద్దు, ఇనో వెనక 45 సెకన్ల దూరంలోనే ఉన్నాడు అని. అలా చెప్పారని లెమాండ్ తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. నిజానికి తేడా నిమిషం పైనే. రైడర్ల చెవిలో రేడియో పెట్టుకునే రోజులు కావవి. కారులో ఉన్నవాడు చెప్పిందే డేటా. తప్పుడు స్టేటస్ రిపోర్టు నమ్మి మంచి రిలీజు ఆపేసుకున్నట్టు, లెమాండ్ ఆగిపోయాడు. చివరికి పారిస్‌లో ఇనో గెలిచాడు, అది ఐదోసారి. లెమాండ్ 1 నిమిషం 42 సెకన్ల తేడాతో రెండోవాడు.

అప్పుడొచ్చింది ఆ మాట. వచ్చే ఏడు గ్రెగ్ కోసం పని చేస్తానని ఇనో అందరి ముందే చెప్పాడు.

1986. పిరనీస్‌లో మొదటి పెద్ద రోజు. బయోన్ నుంచి పో దాకా స్టేజి. ఇనో, స్పెయిన్ రైడర్ పెద్రో దెల్గాదోతో కలిసి దాడి చేసి వెళ్ళిపోయాడు. సొంత జట్టువాడు ముందుంటే వెంట తరమకూడదన్నది ఆటలో మర్యాద. కాబట్టి లెమాండ్ చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. సాయంత్రానికి ఇనో ఒంటి మీద పసుపు జెర్సీ, లెమాండ్ 5 నిమిషాల 25 సెకన్లు వెనక. అదేంటని అడిగితే ఇనో జవాబు ఏమిటంటే, ఇదంతా ప్రత్యర్థుల్ని అలసగొట్టి గ్రెగ్‌కి దారి చేయడానికేనట!

నిజం చెప్పొద్దూ, ఆ జవాబులో కొంత నిజం ఉందనే నాకనిపిస్తుంది. ఇనో మర్నాడు కూడా దాడి చేశాడు. ఈసారి ఒళ్ళు సహకరించలేదు. సూపర్‌బాన్యేర్ కొండ మీద లెమాండ్ స్టేజి గెలిచి, తేడాని 40 సెకన్లకి దించేశాడు. రేసుని చేతిలో ఉంచుకోవాలనుకునే మనిషి, 5 నిమిషాల ఆధిక్యం పెట్టుకుని అలా పిచ్చిగా ఎందుకు దాడి చేస్తాడు? కానీ లెమాండ్ వైపు నుంచి చూడండి. లీడర్ నువ్వే అన్నారు, పసుపు జెర్సీ మాత్రం పనివాడి ఒంటి మీద. జట్టు రెండుగా చీలింది. ఫ్రెంచి వాళ్ళు ఇనో వైపు, ఆండీ హాంప్‌స్టెన్ లాంటి అమెరికన్లు లెమాండ్ వైపు. కోచ్ పాల్ కోష్లీ మధ్యలో నలిగాడు. ప్రత్యర్థి వేరే జట్టులో ఉంటే రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. ఇక్కడ భోజనాల బల్ల దగ్గర ఎదురుగానే కూర్చుంటాడు.

ఆల్ప్స్‌లో గ్రానాఁ కొండ ఎక్కేటప్పుడు ఇనో వెనకబడ్డాడు. లెమాండ్‌కి పసుపు జెర్సీ వచ్చింది, ఒక అమెరికన్‌కి అదే మొదటిసారి. మర్నాడు ఆల్ప్ ద్యుయెజ్. మిగతా అందరినీ ఐదు నిమిషాల పైన వెనక వదిలేసి ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గీత దాటారు, స్టేజి విజయం మాత్రం ఇనోకి దక్కింది. ఆ ఫోటో చూస్తే కళ్ళు చెమర్చాల్సిందే. తీరా ఆ సాయంత్రమే ఇనో, పందెం ఇంకా అయిపోలేదు, టైమ్ ట్రయల్ ఉందిగా అనేశాడు. హెచ్‌ఆర్ వాళ్ళ గ్రూప్ ఫోటో అయ్యాక కాన్ఫరెన్స్ రూమ్‌లో మొదలయ్యే అసలు మీటింగు లాగా.

సాంతెతియెన్ టైమ్ ట్రయల్‌లో లెమాండ్ మలుపులో పడ్డాడు, సైకిల్ మార్చాడు, అయినా ఇనో కన్నా 25 సెకన్లే వెనకబడ్డాడు. పారిస్‌లో 3 నిమిషాల 10 సెకన్ల తేడాతో లెమాండ్ విజేత. ఇనో రెండోవాడు. అంటే మాట నిలబడిందా, తప్పిందా? నా లెక్కలో తప్పింది. సాయం చేస్తానన్నవాడు చివరి వారం దాకా అవతలి మనిషికి సందేహం మిగిల్చాడంటే అది సాయం కాదు. ఇనో మాత్రం మాట నిలబెట్టుకున్నాననే చెప్పుకున్నాడు.

ఆ నవంబరులో ఇనో 32వ పుట్టినరోజుకి రిటైరయ్యాడు. 1987 ఏప్రిల్లో వేటలో పొరపాటున తుపాకీ పేలి లెమాండ్ చావు అంచుకి వెళ్ళొచ్చాడు, రెండు టూర్లు పోయాయి. 1989లో ఏడీఆర్ అనే బలహీనమైన బెల్జియం జట్టుతో వచ్చి 8 సెకన్ల తేడాతో గెలిచాడు. కొండల్లో ఆ జట్టు నుంచి అతనికి అందిన సాయం దాదాపు లేదు. కాకపోతే ఆ జట్టులో లీడరెవరన్న ప్రశ్న మాత్రం ఒక్కరోజూ రాలేదు.